అక్క పక్కన చోటు

అమ్మలూ,

మొన్న అందరూ కలిసినప్పుడు నువ్వు తీసిన ఫొటో అందింది. మొదటిసారే అయినా మావయ్య పరువు నిలబెట్టావు. అందరినీ కిటికీ వైపు తిప్పావు కాబట్టి మొహాల మీద వెలుగు బాగా పడింది. మీ బాబాయి కళ్లు మూయకుండా దొరికాడంటే మాటలు కాదు. చివరివాళ్ల పాదాలు మాత్రం పడలేదు. వచ్చే ఏడు రెండడుగులు వెనక్కి జరుగు.

నా మోకాలు ఇప్పుడు నయం. రాలేనని ఫోన్ చేస్తే మీ అమ్మ "సర్లేరా, జాగ్రత్త" అంది. ఇంకోసారి రమ్మంటుందేమోనని కాసేపు ఫోన్ పట్టుకునే కూర్చున్నాను.

ఏటా నేను కెమెరాలో పది సెకన్ల టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదా. అక్క తన పక్కన మనిషి పట్టేంత చోటు ఉంచి "రారా, రారా" అని కేకలేసేది. అందుకే అన్ని ఫొటోల్లోనూ నేను రొప్పుతూనే ఉంటాను.

ఈ ఫొటోలో ఆ చోటు కోసం భూతద్దం పెట్టి మరీ వెతికాను. అందరూ భుజాలు ఆనించి నిలబడ్డారు. తప్పు పట్టడం లేదమ్మా. మధ్యలో ఖాళీ ఉంటే ఫొటో బోసిపోతుందని మీకు నేర్పింది నేనే.

మీ మావయ్య