చెమ్మ మీద సున్నం

అమ్మా,

ఎట్లా ఉన్నావని అడగను. నువ్వు పోయాక ఒక వానాకాలం గడిచింది. సోమవారం మన క్వార్టర్లు చూడటానికి ఆఫీసర్లు వస్తున్నారు. చదువుకున్నదాన్నని జవాన్ల ఇళ్ల ఆడవాళ్లంతా నన్నే మాట్లాడమంటున్నారు. నిన్ను అడగకుండా నోరు తెరవలేను. అందుకే ఈ ఉత్తరం.

ఆ పొద్దున నువ్వు రొట్టెలు కొడుతున్నావు. వంటింటి కప్పు పెళ్లున విరిగి నీ మీద పడింది. నేను పెళ్లలు చేతులతో పెకలించాను. గోళ్లు ఊడిపోయాయి. నీ తల... వద్దులే. నీ నోట్లో నిండిన సున్నం, నెత్తురు వేళ్లతో తీశాను. ఊపిరి ఎక్కడైనా మిగిలుందేమోనని.

బాపు బార్డర్ నుంచి వచ్చాడు. ఏడవలేదు. గడ్డపారతో వంటింటి గోడను పొడిచాడు. పుండు పగిలినట్టు విచ్చుకుంది. లోపలంతా నల్లబూజు, పై ఇంటి పైపు నీళ్లు, పిసికితే పొడైపోయే ఇనుప చువ్వలు. "ఎప్పుడు చూసినా గోడ తెల్లగానే ఉంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అన్నాడు చూడటానికొచ్చిన క్వార్టర్ల ఇంజనీరు. బాపు అతని మెడ పట్టి ఆ గోడకే కొట్టాడు. నలుగురు పట్టుకుంటే తప్ప వదల్లేదు.

కానీ అమ్మా... అతను చెప్పింది అబద్ధం కాదు కదా?

ఇన్‌స్పెక్షన్ అనగానే నువ్వే సున్నం నానబెట్టేదానివి. దగ్గుతూ, కొంగు మూతికి కట్టుకుని, నలుపంతా కప్పేసేదానివి. ఎందుకే అంటే, "ఫౌజీ ఇల్లు గిట్లుంటదా అని ఒక్కడన్నా మీ బాపు ఇజ్జత్ పోతది బిడ్డా. మన గుట్టు మనకాడనే ఉండాలె" అనేదానివి. ఎవరి ఇజ్జత్ కోసం చచ్చిపోయావమ్మా?

నిన్న పక్కింటి యాదమ్మ చిన్నమ్మ కూడా సున్నం కలిపింది. చెమ్మకు ఆమె చంటిదాని ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. పైన కప్పు పొట్ట ఉబ్బింది. నేను బకెట్‌ను కాలితో తన్నాను. ఆమె నా చెంప పగలగొట్టింది. నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. సున్నంలో ఇద్దరం దొర్లాం. కళ్లు మండిపోయాయి. చివరికి ఆమె నన్నే పట్టుకుని ఏడ్చింది.

సున్నం వేసి దాచింది నువ్వేనని నిజం చెబితే, ఆఫీసర్లు చచ్చినామెదే తప్పని రాసేస్తారు. బాపు ముందు నీ పేరు పాడవుతుంది. చెప్పకపోతే ఆ కప్పు చంటిదాని మీద పడుతుంది. రెండిట్లో ఏది మోయమంటావు?

సోమవారం తెల్లవారేలోగా ఒక్కసారి కలలోకొచ్చి "వద్దు" అని చెప్పు. నువ్వు రాకపోతే, చెప్పమన్నావనే అనుకుంటాను. మనమంతా సున్నం ఎందుకు వేశామో కూడా చెబుతాను.

నీ బిడ్డ,
సుజాత