వెనక అర్ర రేకులు

మన స్వప్న బాపూ,

నువ్వు కాలం చేసినంక ఇది మొదటి తుఫాన్. సముద్రం మనకు ఎంత దూరమున్నా గాలి మాత్రం నిన్న మన హుస్నాబాద్ దాకా వచ్చింది.

పొద్దున్నే బిందెలు నింపిన, ఫోన్ చార్జింగ్ పెట్టిన, కిటికీలు వేసిన. పక్కింటి సరవ్వ వాకిట్ల నిలబడి పిలిచింది.

"వదినా, మాది స్లాబిల్లు. అత్తమ్మను తీసుకొని రారాదు?"

"మా ఆయన దుబాయిల షెడ్లు బిగించినోడు. మా రేకులకేం ఫికర్ లేదు" అన్న.

"గంత నమ్మకమా! సరే, నా తలుపైతే తీసే ఉంటది" అని నవ్వుకుంట పోయింది.

మధ్యాహ్నం వెనక అర్రల మీ అవ్వకు అన్నం పెడుతుంటే నెత్తి మీద రేకు లేచింది. దాని మీది రాయి మంచం పక్కనే పడ్డది. మీ అవ్వను ఎత్తుకొని వానలనే సరవ్వ ఇంటికి ఉరికిన. ఆమె తువ్వాల ఇచ్చింది.

ఇయ్యాల మేస్త్రి పైకెక్కి చూసిండు. "అక్కా, ముందట బజారు దిక్కు అన్నిటికి బోల్టులున్నయి. వెనక దిక్కు ఒక్కటి లేదు. ఉత్త రాళ్లే పెట్టిండ్రు" అన్నడు.

సెలవు మీద వచ్చినప్పుడు రెండు దినాలు ఇంటి మీదనే ఉంటివి. దిగి వచ్చి, "ఇల్లంత బిగించిన, ఇగ నిమ్మలంగ పండుకో" అంటివి. ఆ మాట నమ్మే మీ అవ్వ మంచం ఆ అర్రల వేసిన. ఎందుకట్ల చెప్పినవని ఎవరిని అడగాలె?

మీ అవ్వ సరవ్వతోని అంటున్నది: "నా కొడుకు బిగించిన రేకులే లేచినయంటే, అదెంత పెద్ద గాలో బిడ్డా!"

సరవ్వ నా మొఖం చూసింది.

"అవునత్తమ్మా, పెద్ద గాలే" అన్న.