సొంత మాటలకు సున్నా

బుట్టలల్లే తాతగారికి,

గిరిజన పిల్లల వసతి బడిలో చదువు పరీక్ష పెట్టే అధికారి నమస్కారాలు. మీ మనవరాలు పిచ్చుక సెలవులకు ఇంటికొచ్చే ముందు చేతికొక పేజీ ఇచ్చి చదవమన్నాను. నోరు విప్పలేదు. సున్నా వేశాను. బడి తెరిచాక అయిదు నుంచి ఒకటో తరగతికి దించి, తమ్ముడి పక్కన కూర్చోబెడతాం.

ఇట్లు,
అధికారి

తా.క.: పిల్లను కొట్టకండి.

*

అధికారిగారికి తాత దండాలు.

పిచ్చుకను అడిగాను. "మనసులో చదువుకోండే, చెవులు చిల్లులు పడుతున్నాయ్ అని వార్డెనమ్మ రోజూ అరుస్తుంది. అందుకే మనసులో చదివా" అంది. మీకు వినపడకపోతే తప్పు దానిదా?

మీ తాత

తా.క.: కొట్టలేదు. ఇంకో ముద్ద ఎక్కువ పెట్టాను.

*

తాతగారికి,

మనసులో చదివితే మార్కులూ మనసులోనే వేయాలి! ఆ రోజే, పైకి చదవకపోయినా పోనీలే పాపం అని, "చదివింది సొంత మాటల్లో చెప్పు" అని కూడా అన్నాను. పావుగంట ఏదో భాషలో గలగలా మాట్లాడి, చివర్లో కళ్లు తుడుచుకుంది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇంకో సున్నా వేశాను.

అధికారి

తా.క.: నన్ను తిట్టలేదు కదా?

*

అధికారిగారికి,

సొంత మాటలంటే మా ఇంటి మాటలు కాక పక్కింటివా? తప్పిపోయిన గాడిదపిల్ల తల్లిని వెతుక్కునే ఆ కథ నాకూ చెప్పింది. వెక్కి వెక్కి ఏడ్చాను. అంత కథ విని మీరెందుకు ఏడవలేదని పిచ్చుక అడుగుతోంది.

తాత

తా.క.: తిట్టలేదట. మీకేమీ అర్థం కావట్లేదని జాలిపడి, రెండోసారి మెల్లగా చెప్పిందట.

*

తాతగారికి,

కథ అదే, నిజమే. కానీ ఎవరో చెప్పగా విని ఉంటుంది. అక్షరాలొచ్చని రుజువేది? మీ ఉత్తరాలు చూస్తే ముచ్చటేస్తోంది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. మీలాంటి తాత ఇంట్లో ఉండి పిల్లకు ఓనమాలు రాకపోవడమా? దీపం కింద చీకటంటే ఇదే. రోజూ కూర్చోబెట్టి చదివించండి.

అధికారి

తా.క.: తమరు ఎంతవరకు చదువుకున్నారు?

*

అధికారిగారికి,

నేను బడి గడప తొక్కలేదు బాబూ. నాది వేలిముద్ర. మీ ఉత్తరాలు గట్టిగా చదివి, మా మాటల్లో నాకు చెప్పేది పిచ్చుక. నేనన్నది మీ మాటల్లోకి మార్చి రాసేదీ అదే. ఒకటో తరగతిలో కూర్చోబెడతారా, మీ కుర్చీలో కూర్చోబెడతారా, మీ ఇష్టం.

తాత వేలిముద్ర

తా.క.: ఇది తాత చెప్పలేదు సార్, నేనే రాస్తున్నా. మీ ఉత్తరాల్లో మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్సిలుతో దిద్ది వెనక్కి పంపుతున్నా. అయినా మీరు చెప్పాలనుకున్నది నాకు అర్థమైంది కాబట్టి, మీరు పాస్.