పోగు తెగితే కనబడాలి

కరీంనగర్

ప్రియమైన బాపుకు,

హాస్టల్లో బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే "సాంచాల మోతల ఏం ఇనొస్తది బిడ్డా, ఉత్తరం రాయి" అంటావు కాబట్టి రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరాలేమిటని నా స్నేహితురాళ్లు ఒకటే నవ్వు.

మొన్న నీ ఫోన్‌లో వేసి వచ్చిన నాడె ఆట ఎలా ఉంది? పైథాన్‌లో నేను రాసిన మొదటి ఆట అది. నీ సాంచా మగ్గంలో లాగే పోగును మోసుకుపోయే నాడె చివరికి చేరగానే వేలితో తట్టాలి. ఆలస్యమైతే పోగు తెగుతుంది, ఆట మళ్లీ మొదటికొస్తుంది. కాలేజీ ప్రదర్శనలో దీన్నే పెడతాను. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పు.

నీ దీపిక

సిరిసిల్ల

బంగారు బిడ్డ దీపికకు బాపు దీవెనలు.

ఆట బాగుంది. కానీ నాలుగు సాంచాల మీద బట్ట నేసేవాణ్ణి అడిగావు, ఇక విను. తెరవగానే నాడె ఉరుకుతోంది, మనిషిని జర కూర్చోనియ్యవా? పైగా ఈ కొసన మాయమై ఆ కొసన తేలుతోంది. నాడె అన్నాక మధ్యలోంచి పోవాలి.

ఇంకో సంగతి. నీ ఆటలో పోగు ఒక్కసారీ తెగలేదు. ఉన్నట్టుండి లెక్క సున్నాకు వస్తోంది, ఎందుకో తెలియదు. అది చూసుకో.

మీ అవ్వ "పిల్ల బక్కగైందా" అని అడుగుతోంది. కన్నతల్లి కదా, ఏమని చెప్పను?

బాపు

కరీంనగర్

ప్రియమైన బాపూ,

ఇప్పుడు తెరవగానే మెనూ వస్తుంది. 'మొదలుపెట్టు' నొక్కేదాకా నాడె కదలదు. యానిమేషన్ కూడా కుదిరింది. మొదట్లో నాడె తెర దాటి ఎటో పోయింది గానీ, ఇప్పుడు దారి పొడవునా జారుతూ పోతోంది.

మూడో తప్పు కోసం కోడ్ అంతా వెతికాను. తప్పు లేదు బాపూ. పోగు తెగినప్పుడల్లా ఆట కీచుమని కూస్తుంది. అవ్వకు ఫోన్ చేసి అడిగాను. "గా కూతకు నా తలకాయ నొస్తుంది, ఆయనైతే ఆడుతనే ఉన్నడు" అంది.

నీకు వినబడటం లేదు. ఉత్తరాలు అందుకేనా? నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆదివారం వస్తున్నాను, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. రానంటే ఊరుకోను.

ఆటలో కూడా కూత ఒక్కదాన్నే నమ్ముకోను. పోగు తెగితే రెండు ముక్కలై వేలాడుతుంది, తెరంతా ఎర్రగా వెలుగుతుంది. పక్కింటి పరశురాములు అన్నకు పంపాను, నీ ఫోన్‌లో వేస్తాడు. ఆడి రాయి.

దీపిక

సిరిసిల్ల

బిడ్డా,

దొరికిపోయాను. నువ్వు ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొచ్చాను. సేటుకు తెలిస్తే నా సాంచాలు ఇంకొకరికి ఇస్తాడని భయం. పోగు తెగి సాంచా ఆగితే ఇదివరకు మోత తగ్గి తెలిసేది. ఇప్పుడు మాటిమాటికీ తిరిగి చూసి మెడ పట్టేసింది.

నీ ఆటలో పోగు తెగడం చూశాను. ఎర్రగా వెలిగితే మీ అవ్వను పిలిచి చూపించాను.

తెల్లారి సేటు దగ్గరికి నేనే పోయాను. శబ్దం తీసేసి ఫోన్ చేతిలో పెట్టాను. ఆడాడు.

"పోగు తెగింది గద" అన్నాడు.

"ఎట్ల తెలిసింది సేటూ?"

"కనబడ్డది గద!"

"నాక్కూడ గట్లనే కనబడాలె. సాంచా ఆగితే వెలిగేటట్టు ఎర్ర బల్బు పెట్టియ్యుండ్రి. నాకు ఇనొస్తలేదు."

ఆయన "ముందుగాల చెప్పద్దా రాయమల్లూ" అని కరెంటు పని చేసే హనుమంతును పిలిపించాడు. ముందు ఒక్కదానికే పెట్టి చూద్దామన్నాడు. ఈ రోజు పోగు తెగింది, బల్బు వెలిగింది, నేను పోయి ముడేశాను. రేపు మిగతా మూడింటికీ పెడతారు.

ఆదివారం రా. డాక్టరు దగ్గరికి వస్తాను. సాంచాల సంగతి తేలింది గానీ, నీ గొంతు వినాలని ఉంది బిడ్డా.

నీ బాపు