నువ్వు అమ్మేసిన నాలుగో డబ్బా

బెంగళూరు,
ఆదివారం.

నాయనకు నీ పెద్ద కూతురు భార్గవి నమస్కరించి రాస్తున్నది.

నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ మీరంతా బాగున్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. అవ్వకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అమ్మ వేళకు తింటోందా, లేక సీజన్ కదా అని గోదాములో చింతపండు గింజలు తీసేవాళ్ళ దగ్గరే కూర్చొని మధ్యాహ్నం అన్నం సాయంత్రం తింటోందా? ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వొద్దు. ఫోను చేస్తే నా మాట సగంలో ఉండగానే అంగడికి ఎవరో వస్తారు, "మళ్ళా చేస్తా పాపా" అని పెట్టేస్తావు. ఈ మాట సగంలో ఆగకూడదు. అంగడి మూసి, అన్నం తిన్నాక నిమ్మళంగా చదువు.

నా గురించి దిగులు వద్దు. గది బాగుంది, నీళ్ళు వస్తాయి, ల్యాబుకు నడిచే పోతాను. ఇంటి ఓనరమ్మ మన హిందూపురం కన్నడ విని మొదట నవ్వేది, ఇప్పుడు తనే పిలిచి కాఫీ ఇస్తోంది. సాంబారుతోనే నాకు పడలేదు. బెల్లం మార్కెట్టున్న ఊళ్ళో పుట్టినదాన్ని నేనే ఇంత తీపి తినలేకపోతే వీళ్ళు ఎట్లా తింటారో. ఎవరైనా వస్తుంటే అమ్మతో చెప్పి కొంచెం శెనక్కాయల పొడి, రాగిపిండి పంపించు. వారమంతా పనిలో తెలియదు కానీ ఆదివారం వస్తే మాత్రం మీరంతా గుర్తొస్తారు. ఏడవడం లేదులే, బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సంక్రాంతి దాటాక నువ్వు ఒకరోజు చెప్పాపెట్టకుండా రైలెక్కి మా పరిశోధన సంస్థ గేటు దగ్గరికి వచ్చావు. ఒక చేతిలో మేలు రకం కరిపులి చింతపండు సంచి, ఇంకో చేతిలో పెనుకొండ పార్టీ పెద్దాయన రాసిచ్చిన సిఫారసు ఉత్తరం. ఎండాకాలం సెలవుల్లో ఇంటర్ పిల్లలను కూడా ల్యాబుల్లోకి తీసుకొని పరిశోధన నేర్పిస్తారని నేను చెల్లి లావణ్యతో చెప్పాను, అది నీ చెవిన వేసింది. మా ల్యాబు మేడమ్ కిందికి దిగి వస్తే నువ్వు రెండు చేతులూ జోడించి, "మేడమ్, మా చిన్నపాప బాగా చదువుతాది. ఈడ దానికొక సీటు చూడండి. పెద్దాయన లెటరు కూడా ఉండాది" అన్నావు. ఆమె సంచి వాసన చూసి బాగుందని మెచ్చుకొని, సంచీ ఉత్తరమూ రెండూ నీ చేతికే తిరిగి ఇచ్చింది. నువ్వు చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయావు. సీటు రాదని తేల్చుకొని, ధర్మవరంలో మామతో చెప్పి లావణ్యకు కోచింగ్ మాట్లాడావు.

నేను తప్పు పట్టడం లేదు నాయనా. మన దగ్గర హాస్టల్లో సీటుకైనా, కరెంటు మీటరుకైనా ఎవరో ఒకరి లెటరు లేకుండా ఎవరు కదులుతారు? కూతురి కోసం పనులు మానుకొని వచ్చావు. కానీ నువ్వు వెళ్ళాక మేడమ్ నన్ను పిలిచి ఒక మాట చెప్పింది. ఇట్లాంటి లెటరు జతపరిస్తే అర్జీ చదవకుండానే పక్కన పెడతారట. పైగా నేను ఇక్కడ పని చేస్తున్నాను కాబట్టి లావణ్యను తన ల్యాబులోకి తీసుకోకూడదట. చేతికందేదాన్ని మనమే చెడగొట్టుకున్నామని ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం మేడమే వచ్చి, "మీ చెల్లిని వేరే ల్యాబులకు సొంతంగా రాసుకోమను. తను ఏం చేసింది, ఏం తెలుసుకోవాలనుకుంటోంది, ఒక పేజీలో రాస్తే చాలు. పెద్ద మనుషుల లెటరు వద్దు, పాఠం చెప్పిన లెక్చరరు రెండు ముక్కలు రాస్తే అదే ఎక్కువ" అంది. ఆమె మంచితనం నేను మర్చిపోలేను.

లావణ్య మొదట రాసి పంపింది చూసి నేను తలపట్టుకున్నాను. "తమరు దయతలచి ఈ పేద విద్యార్థినికి సీటు ఇప్పించవలసిందిగా" అని మొదలైంది. పేద ఎక్కడే, గోదాము నిండా చింతపండు పెట్టుకొని, అని తిట్టి అదంతా కొట్టేయించాను. ముందు ఒక్కో ల్యాబులో ఏం పని జరుగుతుందో చదవమన్నాను. తన పనికి దగ్గరగా ఉన్నవాళ్ళకే, ఒక్కొక్కరికీ వేరుగా రాయమన్నాను. అందరికీ ఒకే ముక్క పంపితే ఎవరూ చదవరు. దుడ్లిస్తే సీటు ఇప్పిస్తామని మెసేజీలు పెట్టేవాళ్ళ జోలికి పోవద్దన్నాను. అంగడి దగ్గర ఎవరైనా పిల్లల కోసం అడిగితే నువ్వు కూడా ఇదే చెప్పు. చలికాలంలోనే మొదలుపెట్టమను, ఎండలు ముదిరాక అడిగితే లాభం లేదు.

తను చేసిన పని ఏమిటంటావా? పోయిన సీజన్లో ఒకే బస్తాలో కరిపులి తీసి నాలుగు వాటాలు చేసింది. ఒకటి తట్టలో తెరిచి, ఒకటి ప్లాస్టిక్ కవరులో కట్టి, ఒకటి ఉప్పు కలిపి జాడీలో, ఒకటి స్టీలు డబ్బాలో మూత బిగించి గోదాములో పై అరలో పెట్టింది. చింతపండు నల్లబడేది గాలి వల్లనా, తేమ వల్లనా అని దాని సందేహం. వారం వారం ఫోటోలు తీసింది. మనమందరం ఇన్నేళ్ళు నల్లబడితే ధర తగ్గించి అమ్మాం కానీ ఎందుకని ఒక్కరమైనా అడిగామా? ఆ బుద్ధి దానికే పుట్టింది.

చాలా రోజులు ఎవరూ జవాబివ్వలేదు. చివరికి మా సంస్థలోనే ఆహార పదార్థాల మీద పని చేసే ఒక సారు వీడియోలో మాట్లాడతానన్నాడు. సీటు రాకపోతే నవ్వులపాలవుతానని అది నీకు చెప్పనివ్వలేదు. అంగడి గోల లేకుండా పెనుకొండలో అత్త ఇంట్లో కూర్చొని మాట్లాడింది. ఆయనది గుంటూరు వైపు, తెలుగులోనే అడిగాడట.

"నాలుగు వాటాలు పెట్టానన్నావు. మూడింటి ఫలితమే ఉంది. స్టీలు డబ్బా ఏమైంది?"

"మా నాయన అమ్మేసినాడు సార్."

"ప్రయోగాన్ని అమ్మేశాడా?"

"కనగానపల్లి నుంచి ఒకాయన మంచి సరుకు కావాలని వచ్చినాడు సార్. పై అరలో అంత మంచిది కనపడితే మా నాయన ఊరికే ఎట్లా పెట్టుకుంటాడు? అందుకే మూతబెట్టిన దాని గురించి నేనేమీ చెప్పలేను సార్. ఈ సీజన్లో మళ్ళా పెట్టినాను, మా అవ్వ మంచం కింద."

ఆ సారు మొన్న క్యాంటీనులో కనబడి ఈ మాట చెప్పి చెప్పి నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "చాలామంది పిల్లలు అన్నీ అనుకున్నట్టే వచ్చాయని రాస్తారమ్మా. ఈ అమ్మాయి లేనిది లేదని రాసింది. నాకు కావలసింది అదే" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎమ్మెస్సీ చేసి నేర్చుకున్న సంగతిని అది మన గోదాములో నేర్చుకుంది.

లావణ్యను తీసుకున్నారు నాయనా. వచ్చే నెల మొదట్లో చేరాలి. నా గదిలోనే ఉంటుంది, నాతోనే వస్తుంది, నాతోనే తింటుంది, ఆ దిగులు నీకు వద్దు. దానికి ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు నువ్వు సంతకం చేయాలి. కాగితం దీనితోపాటే పెట్టాను. సంతకం చేసి ఫోనులో ఫోటో పెట్టు, శుక్రవారంలోగా అందకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కోచింగ్ మొదలయ్యేది కూడా అప్పుడేనని తెలుసు. మామతో నేను మాట్లాడతాను. పోయిన పాఠాలు నేను చెప్పి పూర్తి చేయిస్తాను.

సీటు వచ్చిందని చెబితే అది గంతులేస్తుందనుకున్నాను. అది మాత్రం, "వద్దులే అక్కా. సీజన్లో నాయన ఒక్కడే అవుతాడు. కోచింగ్ సంగతిలో మామ మాట పోతాది. నేను అడగను, నువ్వూ అడగొద్దు" అంది. దానికి ఆశ లేక కాదు. నీ ముఖం చూసి నోరు నొక్కుకుంటోంది.

అవ్వకు నా దండాలు చెప్పు. అమ్మను వేళకు తినమను. అత్తను, మామను అడిగానని చెప్పు. నీ ఆశీర్వాదం ఉంటే నాకు ఇక్కడ ఏ లోటూ లేదు.

అది ఎప్పటికీ అడగదు. నేను అడుగుతున్నాను. దాన్ని పంపించు నాయనా.

నీ కూతురు,
భార్గవి