నేను ఏరిన పలకలు

నా పెద్దమ్మాయికి,

నేను చెబుతుంటే పక్కింటి దర్జీ అమ్మాయి రాస్తోంది. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని విసుక్కోకు, ఆ సంగతికే వస్తున్నాను. ముందు నీ తమ్ముడి మీద నా ఫిర్యాదు విను.

వాడు పడవ కడుతున్నాడు. తలుపులూ బీరువాలూ చేసుకునే వడ్రంగికి పడవెందుకురా అంటే, సెలవు రోజున చేపలు పట్టడానికీ, సముద్రంలో ఇసుకదిబ్బ దగ్గర లేచే పెద్ద అలల మీద చెక్కపై నిలబడి జారడానికీ అట. నలభై ఏళ్లొచ్చాయి. పోయినేడు మెట్ల మీద జారి నెల రోజులు మంచం దిగనివాడు అలల మీద జారతాడట.

వరండా అంతా పడవే. ప్లైవుడ్ పలకలు కోసి, అంచులకు బెజ్జాలు వేసి, రాగి తీగతో రవికె కుట్టినట్టు కుట్టాడు. కుట్ల మీద రంపపు పొట్టు కలిపిన జిగురు మెత్తాడు. కోడలు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. వద్దురా అని నేనంటే వాడు, "పలకలు ఏరింది నువ్వే కదమ్మా, ఇంకా భయమేంటి?" అంటాడు. నా భయం అదేనని వాడికి తెలియదు.

ఇరవయ్యారేళ్లు ప్లైవుడ్ కార్ఖానాలో పొరలకు జిగురు పూసిన చేతులివి. జిగురు అంటని చోట పొరల మధ్య బోలు మిగిలిపోతుంది. పైకి తెలియదు. వేలి కణుపుతో తడితే గట్టి పలక ఖంగుమంటుంది, బోలుది కుళ్లిన గుమ్మడికాయలా మూలుగుతుంది. నాకు అక్షరం రాదు గానీ ఆ తేడా వచ్చు. మనింట్లో ఏ పలక కొన్నా నేను తట్టి ఊఁ అంటేనే కదా కొంటారు.

ఈసారీ తట్టాను. ఏమీ వినబడలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా చెబితేనే పట్టుకుంటుంది. ఫోన్‌లో నీ మాటలకు ఊకొట్టడమే గానీ సగం అందడం లేదే తల్లీ. మళ్లీ మళ్లీ తడుతుంటే దుకాణం వాడు ముఖం మీదకొచ్చి, "ఏం పెద్దమ్మా, పెళ్లిచూపులా? పాట కూడా పాడించమంటావా?" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఈ నాలుగూ అని వేలు పెట్టి చూపించేశాను.

నీ తమ్ముడు పనికి వెళ్లగానే రోజూ ఆ పడవ తడుతున్నాను. కణుపులు వాచాయి గానీ జవాబు లేదు. అల మీదికి లేచి దబ్బున పడినప్పుడు బోలుచోటే ముందు విరుగుతుంది. తిరగబడిన పడవ కింద ఈత ఏం పనికొస్తుంది? వచ్చే ఆదివారం నీళ్లలో దించుతాడట.

నువ్వు వచ్చి ఏదో ఒక వంక పెట్టి ఆపు. నా చెవి సంగతి ఎత్తకు. తెలిస్తే ఇంక నన్నెవరూ ఏదీ అడగరు, మూలన కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇక్కడ దర్జీ అమ్మాయి కలం ఆపింది. "కొడుకు ప్రాణం కన్నా చెవి ఎక్కువా పిన్నీ?" అంది. నిన్ను రాయమన్నాను గానీ తీర్పు చెప్పమనలేదన్నాను. ఆ మాట కూడా రాయించాను, చూడు.

మీ అమ్మ, వేలిముద్ర

అమ్మాయీ,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఆ శనివారమే వాడు అన్నం తింటుంటే నా చెవి సంగతి చెప్పేశాను. వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. తిడతాడనుకున్నాను. ముఖంలో నెత్తురు లేదు. "నేనొక్క పలకా తట్టలేదమ్మా. నువ్వు చూశాక నేను చూడటమేంటనుకున్నాను" అన్నాడు.

మాట సాయం చేసింది కోడలే. "చెవి పోతే చెయ్యి లేదా అత్తయ్యా? మీరు లోపల అరచెయ్యి ఆనించండి, ఆయన బయటి నుంచి తడతారు" అంది. పడవలోకి ఎక్కి మోకాళ్ల మీద కూర్చున్నాను. గట్టి చోట దెబ్బ మణికట్టు దాకా వచ్చింది. జానెడు జానెడు జరుగుతూ వెనక్కి వచ్చేసరికి అడుగున ఒకచోట వేళ్ల కొసల్లో చచ్చిపోయింది. మళ్లీ కొట్టించాను. మళ్లీ అంతే. ఇక్కడ కొయ్యరా అన్నాను.

కోశాడు. రెండు అరచేతులంత మేర జిగురు తడే తగలని పొరలు. దీంతో పడవ మానేస్తాడని లోపల ఆశపడ్డాను. వాడు ఆదివారం ప్రయాణం మానాడు, పడవ మానలేదు. ఆ చోట కొత్త ముక్క వేసి, లోపల ఇంకో పొర అతికించి, రెండు వారాలు ఆరబెట్టాడు. మళ్లీ నా చెయ్యి పెట్టించాడు.

ఈ పొద్దున, "వెళ్లనా అమ్మా?" అని అడిగాడు. వాడు అలా అడగడం నేనెరగను. వద్దంటే ఆగిపోయేవాడే. నా చేతికి ఏ తప్పూ తగల్లేదు కదా, ఏమని ఆపను? వెళ్లు, దిబ్బ దాటకు అన్నాను.

కోడలు ఒడ్డున ఉంది. నేను దర్జీ అమ్మాయి మేడగదిలో ఉన్నాను, వాళ్ల కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నా చూపు అంత దూరం ఆనదు. కనబడుతున్నాడా అంటే తలూపుతుంది, రాస్తుంది, మళ్లీ చూస్తుంది. ఇప్పుడు తలూపలేదు. పెద్ద అల అడ్డం వచ్చిందట. అడిగితే చెయ్యి పట్టుకుంది. రాయవే, ఏదో ఒకటి రాస్తూ ఉండు అన్నాను.

అల దిగాక పడవతో సహా తేలాడట. దిబ్బ దాటలేదట. పడవ ముక్కు ఒడ్డుకే తిరిగిందట.

కోడలు నీళ్లలోకి దిగి తాడు అందుకుందట. ఉత్తరం ఇక్కడికి ఆపుతాను. వాణ్ణి తిట్టాల్సినవి గుర్తున్నప్పుడే కిందికి వెళ్లాలి. చెవి డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావో రాయి.

మీ అమ్మ, వేలిముద్ర