అడుగు ఆనించి చూస్తే

అక్కకు,

ముందు నమస్కారాలు, వెనకే క్షమాపణలు. ఈ ఉత్తరం వల్ల నీకు జరగబోయే కాలహరణానికి, నా చేతిరాత వల్ల నీ కళ్ళకు కలగబోయే శ్రమకు, చిన్నప్పుడు నీ జడను కుర్చీకి కట్టినందుకు, ఆ నేరం పక్కింటివాడి మీదకు తోసినందుకు, ఇవిగాక లోకంలో నేను చేయని సమస్త అపరాధాలకు నన్ను మన్నించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడ నేను కులాసా. తిండీ నిద్రా వెటకారమూ వేళకు జరిగిపోతున్నాయి. అక్కడ నువ్వూ బావా బుజ్జీ, మీ వర్క్‌షాపులో మిషన్లూ అంతా బాగున్నారనే నా నమ్మకం.

నీ ఉత్తరానికి జవాబు ఫోనులో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు. ఉత్తరంలో ఆ సదుపాయం లేదు.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. చొక్కాలు నేనే ఉతుక్కుంటున్నాను. వాటిని చూస్తే సాక్ష్యం అడగవు. పెళ్ళి సంగతి వినబడలేదు. "లేజరుతో కొలవడమంటే లైటు వేసి చూడటమేగా, దానికీ జీతమిస్తారా?" అన్నాడన్నమాట బావ. ఇస్తారని చెప్పు. మా గదికి కిటికీలు లేవు, మధ్యలో ఒక తిరిగే బల్ల. దాని మీద వస్తువును పెట్టి, ఇస్త్రీపెట్టె అంత స్కానరు చేత్తో పట్టుకుని చుట్టూ తిప్పుతాను. నీలం గీత పడ్డ ప్రతిచోటా చుక్కలు పుడతాయి. లక్షల చుక్కలు కలిసి కంప్యూటర్లో ఆ వస్తువే అవుతాయి. మరీ మెరిసే వస్తువైతే వెలుగు చెదిరిపోతుంది కనుక ముందుగా తెల్లపొడి కొట్టాలి. బావ మా గదిలోకి వస్తే ఆయన తలకూ అదే చికిత్స. ఇది శాస్త్రం, ఎగతాళి కాదు.

కడుపులో ఏముందో కూడా కనిపిస్తుందా అని బుజ్జి అడిగిందట. పైపైనే కనిపిస్తుంది. దాచుకుని తిన్న బిస్కెట్లకు ఏ భయమూ లేదు.

ఇక మీ బేరింగ్ బ్లాకులు, అదే, లిఫ్టు ఇరుసు దూరే రంధ్రమున్న ఆ ఇనప దిమ్మలు. పాత లిఫ్టులు చేసిన కంపెనీ మూతబడి, డ్రాయింగులు కూడా దానితోనే పోయాయి కదా. లిఫ్టులవాళ్ళు పాత బ్లాకు ఒకటి ఊడదీసి మాకిస్తే, స్కాన్ చేసి డ్రాయింగు గీసింది నేనే. అరిగినచోట అరగకముందు ఎలా ఉండేదో లెక్కగట్టి మరీ గీశాను. ఉన్నదున్నట్టు దించితే మీరు అరుగుదలను కూడా కొత్తగా తయారుచేసి పంపేవాళ్ళు. ఆ డ్రాయింగు ప్రకారం మీరు చేసిన బ్లాకులు మళ్ళీ మా బల్ల మీదకే వచ్చాయి. నెగ్గితే మీకు ఏడాది పొడవునా ఆర్డర్లు, లేకపోతే మళ్ళీ ఆ గేటు కీళ్ళు చేసుకోవడమే.

మా రిపోర్టు రంగుల్లో వస్తుంది. హద్దులో ఉంటే పచ్చ, హద్దు దాటితే ఎరుపు. మీకు పచ్చ వచ్చింది. నెగ్గాయని కబురు అందడం, బావ కొత్త లేతు మిషను కొంటానని మాటిచ్చేయడం కూడా అయిపోయాయని రాశావు.

ఇక్కడినుంచి కాస్త కూర్చుని చదువు.

కంప్యూటర్లో స్కానును డ్రాయింగు మీద పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, "ఎక్కడ బాగా అతికితే అక్కడ అతికించుకో" అని వదిలేయడం. అప్పుడది తప్పును అన్నివైపులా తలా కాస్త పంచేస్తుంది. ఎవరి వాటా వాళ్ళకు చిన్నదే కనుక అంతా పచ్చగా కనిపిస్తుంది. రెండోది, లిఫ్టులో బ్లాకు ఎలా కూర్చుంటుందో అలా ముందు దాని అడుగుభాగాన్ని ఆనించి, ఆ తర్వాత రంధ్రం ఎటు చూస్తోందో చూడటం. మీకొచ్చిన పచ్చ మొదటి దారిది. అడుగు ఆనించి చూస్తే రంధ్రం ఓ పక్కకు వాలి ఉంది. ఎర్రగా ఉంది. ఆ ఇరుసు మోసేది మనుషులు నిలబడే లిఫ్టు గదిని. కాబట్టి సరుకు ఆగిపోయింది. లారీ మీ గేటుకే తిరిగొస్తుంది.

డ్రాయింగే తప్పని నువ్వు అనబోతున్నావు. నేనూ అదే ఆశపడ్డాను. పాత బ్లాకు మళ్ళీ తెప్పించి, పొడికొట్టి, మొదటినుంచీ కొలిచాను. నా పని తప్పయితే బాగుండునని కోరుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. దాని రంధ్రం తిన్నగానే ఉంది, దరిద్రం.

మీవన్నీ ఒకే వైపు వాలాయి. అంటే మనిషి చేతి తప్పు కాదు, ఎవర్నీ తిట్టకు. చెక్కేటప్పుడు బ్లాకును బిగించి పట్టే ఫిక్చరు విప్పి, కింద ఏ చెత్త చేరిందో చూడు. అడుగు ఇంకో పొర చెక్కితే కొన్ని బతకవచ్చు. అన్నీ బతుకుతాయని చెప్పలేను.

సరుకు ఆపింది మా మేనేజరని నువ్వు అనుకోవచ్చు. ఎక్కడ పచ్చ కనబడితే అక్కడ సంతకం పెడతాడని ఆయన్ని మేం పచ్చజెండా సార్ అంటాం. కొత్త రిపోర్టు చూసి ఆయన కళ్ళజోడు తీసేశాడు.

"ఇదేంటయ్యా, మొన్న పచ్చగా ఉందిగా?"

"మొన్న గాల్లో తేల్చాం సార్. ఇవాళ నేల మీద పెట్టాం."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్."

"ఇది మీ అక్క సరుకు కాదూ?"

"అవును సార్."

"మరి నీకేం పోయేకాలమయ్యా!"

దానికి జవాబు నీకు చెబుతున్నాను. నీ ఉత్తరం చివర్లో, "నువ్వు దగ్గరుండి చూశావు కాబట్టి నాకు ధైర్యంగా ఉందిరా" అని రాశావు. అక్కా, నేను చూడలేదు. కాగితం పచ్చగా ఉంది, సరుకు నీది, ఆయన సంతకం కింద నా సంతకం పడేసి టీకి వెళ్ళాను. నీ ఉత్తరం చదివాకే వెళ్ళి చూశాను.

ఇట్లు,
లారీ వెనకాలే వస్తున్న
తమ్ముడు